ఇనుము కుట్టుడు

నేను రిటైరైన నాడు మా ఐటీఐల నాకొక శాలువా కప్పిన్రు. మాది నేత ఇల్లు. శాలువా భుజం మీద పడంగనే నా చెయ్యి ఊకోలేదు, రెండు వేళ్లతోని అంచు నలిపి చూసిన. పాలిస్టరు. మైకుల మాత్రం "పట్టు శాలువాతోని సత్కారం" అని చెప్తనే ఉన్నరు. దాని ఎనుక ఉపన్యాసాలు. సత్తయ్య సారు వేల మంది బతుకుల్ల వెలుగు నింపిండని ఒక పెద్దమనిషి అన్నడు. వెల్డింగ్ షెడ్డుల వెలుగు నిండితే కండ్లు వాస్తయి. గా సంగతి ఆయనకు తెల్వదు. నేను పనిచేసిన అన్నేండ్లల ఆయన షెడ్డులకు ఒక్కపారి గూడ రాలేదు.

సభ అయిపోయినంక, నా జాగాల కొత్తగ చేరిన సారు నన్ను పక్కకు పిలిచి అడిగిండు: "సార్, గీ కొలువుల అసలు పనేంది?" మంచి ప్రశ్న. దీని జవాబు నాకు తెల్వనీకె శాన ఏండ్లు పట్టింది. ఆ సారు కోసం, ఆయన లెక్కనే కొత్తగ ఈ పనికి వచ్చేటోళ్ల కోసం, పదో తరగతో ఇంటరో అయిపోయి ఎటు పోవాల్నో తెల్వక నిలబడ్డ పిల్లల కోసం గిది రాస్తున్న.

మా ఐటీఐ ఏ ఊర్లదో చెప్పను. నల్లగొండకు, పాలమూరుకు నడుమ ఒక ఊరనుకోండ్రి. నా మీద చేసిన ప్రిన్సిపాళ్లు ఇంక బతికే ఉన్నరు, బీపీలు గూడ ఉన్నయంట. నాకు వచ్చిన ప్రమోషన్ల గురించి రాయను. రానియి ఎట్ల రాస్త?

అసలు పని

కొలువుల చేరిన కొత్తల నా పని వెల్డింగ్ నేర్పుడు అనుకున్న. కాదు. నా పని తల్లిదండ్రులను కూసోబెట్టి, వాళ్ల పిల్లల బతుకు ఆగం కాలేదని నమ్మించుడు. ఎండకాలం సెలవులు అయిపోంగనే అడ్మిషన్లు మొదలైతయి. తండ్రి ముందట నడుస్తడు, కొడుకు ఎనుక నడుస్తడు. ఇద్దరి మొకాలు దవాఖానకు వచ్చినట్టు ఉంటయి. "సార్, వీనికి తలకాయ లేదు. గందుకే మీ కాడికి పట్టుకొచ్చిన" అంటడు తండ్రి, కొడుకు వింటుండంగనే. రెండు ఇనుప ముక్కల నడుమ ఎంత సందు ఉంచాలె, ఎంత కరెంటు పెట్టాలె, వేడికి ఏ ముక్క ఎటు వంగుతది, ఇవన్ని రాడ్డు అంటియ్యక ముందే లెక్క కట్టాలె. దానికి తలకాయ అక్కరలేదని ఊరందరికీ తెలుసు, నాకొక్కనికే తెల్వదు.

తెలంగాణ వచ్చిన కొత్తల హైదరాబాద్ రోడ్డు పొడుగూత ఇంజినీరింగ్ కాలేజీలే ఉండె. దాబాలు ఎన్నో అవి అన్ని. కాలేజీ మనుషులు కార్లేసుకొని ఊర్లకు వస్తుండె. ఇంటర్ పాసైన పిల్ల ఉన్న ఇల్లు కనుక్కొని, అరుగు మీద కూసొని, "ఫీజు సర్కారు చూసుకుంటది, బస్సు మేం పంపుతం, మీరు పిల్లను ఇస్తె సాలు" అంటుండె. లగ్గం మాట్లాడ వచ్చినోళ్లు గూడ గంత మర్యాద చెయ్యరు. మాకు కారు లేదు. మా గోడలకు సున్నం గూడ ఇన్‌స్పెక్షన్ ఉంటేనే వేస్తరు.

నేను మాత్రం ప్రతి తండ్రికి పాఠం చెప్తుంటి. డిగ్రీ కాయితం గోడకు తగిలించుకోవచ్చు, చేతుల పని ఉంటె ఆ గోడనే కట్టుకోవచ్చు అని. గిసొంటి డైలాగులు నాలుగైదు తయారుగ పెట్టుకున్న. సత్తయ్య సారు బాగ చెప్తడని పేరు గూడ వచ్చింది. ఆ పేరు ఎట్ల పోయిందో చెప్తున్న, వినుండ్రి.

జంగయ్య బిడ్డ

జంగయ్యది దేవరకొండ పక్కన ఒక ఊరు. రెండెకరాల చెల్క. వానలు పడ్డ ఏడు ఆముదాలు, కందులు, లేకుంటె పత్తి. వాన లేని ఏడు పెండ్లాంతోని కలిసి మట్టిపనికి పోయెటోడు. ఏ రాష్ట్రంల కాలువ తవ్వినా, ఏ ఊర్ల డ్యాము కట్టినా మా దిక్కు మనుషులు అక్కడ తట్ట మోస్తుండె. జంగయ్య గూడ అట్లనే సగం దేశం చూసిండు, తట్ట కింద నుంచి.

అతని బిడ్డ రేణుక. ఇంటర్ పాసైంది. ఆ ఏడు అడ్మిషన్లకు వచ్చినోళ్లల పిల్ల ముందట నడిచి, తండ్రి ఎనుక వచ్చింది వీళ్లిద్దరే.

"ఏ ట్రేడు బిడ్డా?" అన్న.

"వెల్డింగ్ సార్."

నేను నవ్విన. దాయొద్దు గనుక రాస్తున్న, నిజంగనే నవ్విన. "ఆడపిల్లలకు కుట్టుపని ట్రేడు ఉంది కద బిడ్డా. నీడ పట్టున ఉంటది, నలుగురు తోడుంటరు" అని చెప్పిన.

"బట్టలు కుట్టేటోళ్లు మా ఊర్ల నలుగురున్నరు సార్. నలుగురికీ పని లేదు. ఇనుము కుట్టేటోళ్లు ఒక్కరు లేరు. ట్రాక్టర్ తొట్టి పగిలితే దేవరకొండ దాక గుంజుకపోవాలె."

ఊరందరికీ నేను చెప్పే పాఠం ఒక పిల్ల నాకే అప్పజెప్పింది. "కాలుతది బిడ్డా" అన్న.

"పొయ్యి కాడ కాలుతలేదా సార్?"

ఎనుక నిలబడ్డ జంగయ్య "కొలువు వస్తదా సారు?" అని ఒక్కటే మాట అడిగిండు. నేను నా డైలాగులన్ని చదివిన. ఆయన నమ్మి సంతకం పెట్టిండు.

షెడ్డుల ఇరవై మంది మొగపిల్లలు, రేణుక ఒక్కతి. మొదటి వారం వాళ్లు ఆమెను సతాయించిన్రు. నేను గదిమిన, కాని నా గదుముడుతోని కాలేదు. రెండో నెల వచ్చేసరికి వాళ్లే తమ అతుకులు తెచ్చి, సారుకు చూపెట్టక ముందు ఆమెకు చూపెట్టుడు మొదలుపెట్టిన్రు. ఆమె చెయ్యి అట్లుండె. రాడ్డు కొసను ఎంత దూరంల పట్టాల్నో, ఎంత నిమ్మళంగ జరపాల్నో చెప్పొచ్చు, కాని చెయ్యి వణకకుండ ఉండుడు ఎవలు నేర్పలేరు. ఆమె వేసిన అతుకు చూస్తె మా నాయిన మగ్గం మీద నేసిన పంచె అంచు యాదికొచ్చేది. ఎక్కడ ఎంత బిగువు ఉండాల్నో అంతే.

తాళం వేసిన మిషన్

మా ప్రిన్సిపాల్ మంచోడు. ఎవల్నీ ఏమనడు, ఏమీ చెయ్యడు. ఆయన కాలంలనే మాకు కొత్త మిషన్ ఒకటి వచ్చింది. టిగ్ అంటరు. సన్న పైపులను గ్యాసు సాయంతోని సాపుగ అతుకుతది. పెద్ద ఫ్యాక్టరీలల మంచి జీతం వచ్చే పనంత దాని మీదనే ఉంటది. చెక్క డబ్బల వచ్చింది. ప్రిన్సిపాల్ దాన్ని అట్లనే స్టోరు రూముల పెట్టిచ్చి తాళం వేసిండు.

"పిల్లలకు ఇస్తె పాడైతది సత్తయ్య గారూ" అన్నడు.

ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినోళ్లు డబ్బ మీది దుమ్ము దులిపి, "కొత్త మిషన్ కలదు" అని రాసుకొని, చాయ తాగి పోయిన్రు. రెండేండ్లు అట్లనే కలదు. నేను ఒక్కపారి అడిగిన, వద్దన్నడు, ఊకున్న. నాకేంది అనుకున్న. పైపులు గూడ కొనకపోతుండె, గందుకని టేబుల్ మీద పలకలు పెట్టి అతుకుడే నేర్పిన. కొత్త సారూ, మీ స్టోరుల గూడ ఒక డబ్బ తప్పక ఉంటది. ఒకపారి పోయి చూడుండ్రి.

మీ పిలగాడు ఏ ఐటీఐల చదివిండు సారు?

మూడు నెలలు గడిచినయి. ఒక పొద్దు జంగయ్య ఉతికిన అంగీ ఏసుకొని షెడ్డు ముందటికి వచ్చిండు.

"సారు, మా బిడ్డను తీస్కపోతున్న. ఇంజినీరింగ్ల సీటు ఇస్తమన్నరు కాలేజీవోళ్లు. ఆడపిల్లను ఇనుము పనిల పెట్టినవని ఊర్ల అందరు అంటున్నరు. నేను మట్టి మోసిన. నా బిడ్డ ఫ్యాను కింద కూసోవాలె."

ఆఫీసు రూముల కూసోబెట్టి నా పాఠం మొదలుపెట్టిన. గోడ డైలాగు చెప్పిన. ఇంకో మూడు చెప్పిన. జంగయ్య నడుమ అడ్డం రాకుండ అన్ని విన్నడు. మంచిగ విన్నడనే అనుకున్న. అప్పుడు అడిగిండు:

"మీ పిలగాడు ఏ ఐటీఐల చదివిండు సారు?"

నా కొడుకు కిరణ్. వాడు ఇంజినీరింగ్ చదివిండు. చిన్నప్పటి సంది ఇంట్ల ఫ్యాన్లు, మిక్సీలు విప్పి ఆవల పడేసి, మళ్ల బిగించెటోడు. చదువుకోక గీ పనులేందని నేనే తిట్టెటోన్ని. ఊరి పిల్లలందరినీ ఐటీఐకి రమ్మని పిలిచి, నా ఇంటి పిల్లగాన్ని మాత్రం రోడ్డు పక్క కాలేజీల ఏసిన. ఎందుకంటె ఏం చెప్పాలె? మా వీధిల అందరు ఏసిన్రు, నేను ఏసిన. అంతకంటె పెద్ద కారణం ఏం లేదు.

జంగయ్య చూస్తుండు. నా నోట్లె అబద్ధం తయారైంది.

"వానికి చిన్నప్పటి సంది కండ్లు మంచిగ లేవు జంగయ్యా. వెల్డింగ్‌కు పనికిరాడని ఇంజినీరింగ్ల ఏసిన."

"ఇప్పుడేం జేస్తుండు?"

"హైదరాబాద్ల సాఫ్ట్‌వేర్."

అది రెండో అబద్ధం. వాడు హైదరాబాద్ల ఉన్నది నిజమే. రూము కిరాయికి తీసుకొని, సర్కారు కొలువుల నోటిఫికేషన్ పడుతదని మూడేండ్ల సంది చదువుతుండు. నోటిఫికేషన్ పడదు, పడితె కోర్టుల పడుతది, వీళ్లు మళ్ల మొదటి పేజీ నుంచి చదువుతరు.

జంగయ్య తల ఊపిండు. "మంచిది సారు. నా బిడ్డ కండ్లు మంచిగున్నయి. గందుకని ఇనుము పని జెయ్యాల్నా?"

సర్టిఫికెట్లు తీసుకొని లేచిండు. రేణుక షెడ్డులకు వచ్చి, తోలు గ్లౌజులు గోడ మొలకు తగిలిచ్చి, మొకానికి పట్టుకునే అద్దం నా టేబుల్ మీద పెట్టింది. "వస్త సార్" అన్నది. తిట్టినా బాగుండేది.

కండ్లు మంచిగున్న కొడుకు

రెండు వారాలు నేను షెడ్డుల పలకలు అతికిపిస్తనే ఉన్న గాని మనసు అండ్ల లేదు. ఒక ఆదివారం జంగయ్య ఊరికి పోదామని బయలెల్లిన. నా స్కూటరు స్టార్టు కాలేదు. కిరణ్ అప్పుడు ఇంటికొచ్చి ఉన్నడు, బండి తీసిండు. తొవ్వల వానికి చెప్పిన: "జంగయ్య అడిగితే సాఫ్ట్‌వేర్ అని చెప్పు." వాడు బండి స్పీడు పెంచిండు. సరేనన్నట్టే అనుకున్న.

జంగయ్య ఇంటి ముందట పత్తి కుప్ప పోసి ఉంది. రేణుక, తల్లి దాంట్ల చెత్త ఏరుతున్నరు. మమ్ముల మంచం మీద కూసోబెట్టి నీళ్లు ఇచ్చిన్రు. నేను వాన గురించి, పత్తి గురించి మాట్లాడుతున్న. జంగయ్య నా కొడుకు దిక్కు తిరిగిండు.

"ఏం జేస్తవు బిడ్డా?"

"ఏం జేస్తలేను కాకా" అన్నడు కిరణ్. "నాలుగేండ్లు ఇంజినీరింగ్ చదివిన. మూడేండ్ల సంది సర్కారు కొలువు కోసం చదువుతున్న. రూము కిరాయి బాపు పంపుతడు."

"నీ కండ్లు మంచిగ లేవంట గద?"

"ఎవరన్నరు? నాకు మంచిగనే కనబడుతది."

రేణుక తలొంచుకొని పత్తి ఏరుతాంది. భుజాలు కదులుతున్నయి, నవ్వు ఆపుకుంటాందని తెలుస్తాంది. నేను ఆ మంచం అల్లికల నుంచి కిందికి జారి, పత్తి కుప్పల సొచ్చి, మళ్ల బయటికి రావొద్దనుకున్న. జంగయ్య తిడుతడు అనుకున్న. తిట్టలేదు. చెంబు పక్కకు జరిపి అన్నడు:

"సారు, కొడుకును గంత చదివిపిచ్చినవని నీకు సిగ్గుగుంది. బిడ్డను చదివిపియ్యకపోతినని నాకు సిగ్గుగుంది. పిల్లలేమో మనిద్దరి సిగ్గులు మోస్తున్నరు."

అప్పుడు నేను అసలు సంగతి చెప్పిన. ఆ పొద్దు ఒక్క డైలాగు గూడ వాడలేదు. వెల్డింగ్‌ల కాలుతదని చెప్పిన. కండ్లకు ఆర్క్ వెలుగు కొడితే ఇసుక పోసినట్టు మండుతదని, ఆలుగడ్డ ముక్కలు కోసి కండ్ల మీద పెట్టుకొని పండాల్సి వస్తదని చెప్పిన. మొదటి రెండేండ్లు జీతం మనిషిని చూసి నవ్వినట్టు ఉంటదని, ఆ రెండేండ్లు ఓర్చుకొని చెయ్యి కుదిరినోళ్లకే పెద్ద జీతం వస్తదని, అందరికీ రాదని చెప్పిన. మీ బిడ్డ చెయ్యి మాత్రం నేను చూసిన చేతులల్ల మంచిదని చెప్పిన.

జంగయ్య బిడ్డ దిక్కు చూసిండు. "నువ్వేమంటవు?"

ఆ మాట ఆమెను ఎవరన్న అడుగుడు అదే మొదటిసారి కావొచ్చు. నేను గూడ అడగలేదు.

"కాలేజీ బస్సు వస్తె ఎనుకకు పంపు నాయినా" అన్నది రేణుక. "నేను షెడ్డుకే పోత."

"సరే. కొలువు రాకపోతె మాత్రం సారు, నేను మూట ముల్లె పట్టుకొని మీ ఇంటి ముందటికి వస్త" అన్నడు జంగయ్య. నవ్వుకుంటనే అన్నడు, కాని అన్నంత పని చేసే మనిషే.

మేళ్లచెరువు దిక్కు

ఆఖరి పరీక్షలకు ముందు మేళ్లచెరువు దిక్కు ఒక సిమెంటు ఫ్యాక్టరీల అప్రెంటిస్‌లను తీసుకుంటున్నరని తెలిసింది. ఏడుగురిని తీసుకొని పోయిన. రేణుక అండ్ల ఉంది. ఆ దిక్కు చెట్ల ఆకులు గూడ తెల్లగ సున్నం పూసినట్టు ఉంటయి. మా ప్రిన్సిపాల్ చూస్తె ఇన్‌స్పెక్షన్‌కు తయారుగున్నయని సంబరపడెటోడు.

పరీక్ష పెట్టింది అక్కడి ఫోర్‌మన్. ముసలాయన, ఒక చెవి సరిగ వినబడదు, కండ్లు మాత్రం గద్ద కండ్లు. గోడకు జానెడు దూరంల ఒక పైపు బిగించి ఉంది. చుట్టూత అతకాలె. ముందు భాగం కనబడుతది, గోడ దిక్కు భాగం కనబడదు, అవతల చిన్న అద్దం పెట్టి, దాంట్ల నీడ చూసుకుంట చెయ్యి తిప్పాలె. అతికినంక ముక్క కోసి మిషన్ల వంచుతరు. అతుకు కాడ పగిలితే ఫెయిలు.

ఏడుగురియీ పగిలినయి. రేణుకది ఆఖరుకు పగిలింది, కాని పగిలింది.

ఫోర్‌మన్ పిల్లలను ఒక్క మాట అనలేదు. నా కాడికి వచ్చిండు.

"సారూ, వీళ్లకు పైపు ఎవలు సూపిచ్చిన్రు?"

"ఎవలు సూపియ్యలేదు. టేబుల్ మీద పలకలతోనే నేర్పిన."

"ఇక్కడ పైపులు టేబుల్ మీదికి రావు సారూ. అవి ఉన్న కాడికి మనమే పోవాలె. పండుకొని, ఏలాడి, సందులల్ల దూరి." పగిలిన ముక్క ఒకటి నా చేతుల పెట్టి అన్నడు: "గిప్పుడు నేను పరీక్ష పెట్టింది వీళ్లకా, మీకా?"

అన్నేండ్ల కొలువుల నాకు పెట్టిన ఇన్‌స్పెక్షన్ అదొక్కటే. ఫెయిలైన.

తిరుగు తొవ్వల జీపుల పిల్లలు పగిలిన ముక్కలు ఒళ్లె పెట్టుకొని కూసున్నరు. దేవరకొండ తొవ్వకు తిరిగినంక రేణుక అడిగింది: "సార్, స్టోరు రూముల ఆ చెక్క డబ్బల ఏముంది?"

తెల్లారి ప్రిన్సిపాల్ రూముకు పోయిన. మిషన్ కావాలన్న. "పాడైతే జవాబుదారి ఎవరు?" అన్నడు. "నేనే" అన్న. "రాసియ్యుండ్రి" అన్నడు. రాసిచ్చిన. మూడు కాపీలు అడిగిండు, మూడు ఇచ్చిన. తాళం తీసినం, డబ్బ పగలగొట్టినం. మిషన్ల ఎలుకలు సంసారం పెట్టినయి. తీగలన్ని కొరికి పరుపు చేసుకున్నయి. రెండేండ్లు ఎవలూ ముట్టుకోకుంటనే పాడైంది.

ప్రిన్సిపాల్ వంగి చూసిండు. "చెప్పిన గద సత్తయ్య గారూ, పాడైతదని" అన్నడు.

తీగలు మార్పిచ్చినం. పైపులకు డబ్బులు లేవంటె, మోటరు రిపేరు దుకాణాలు తిరిగి పాత బోరు పైపులు అడుక్కొచ్చి ముక్కలు కోసినం. వాటిని షెడ్డు కంబాలకు మోకాలి ఎత్తుల, తల మీద, గోడ సందుల, ఎక్కడ చెయ్యి పట్టదో అక్కడ కట్టినం. పిల్లలు నేల మీద పండుకొని అతికిన్రు. ఒకపారి రేణుక మెడ కాడ అంగీల నిప్పురవ్వ పడ్డది. చెయ్యి తియ్యకుండ ఆ చుట్టు పూర్తి చేసి, అప్పుడు మొకం మీది అద్దం అవతల పడేసి ఎగిరింది. మెడ మీద మచ్చ ఇప్పటికీ ఉంది. అట్ల చెయ్యొద్దని తిట్టిన. కొత్త సారూ, మీరు గూడ తిట్టుండ్రి. అతుకు మళ్ల వేసుకోవచ్చు.

రెండు నెలలకు మళ్ల పోయినం. ఈపారి రేణుకది, ఇంకిద్దరు పిల్లలది పగల్లేదు. ఫోర్‌మన్ ఆమె ముక్కను ఎండకు పెట్టి తిప్పి తిప్పి చూసిండు. "గీమె ఎత్తు జర తక్కువుంది. స్టూలు చేపియ్యాలె" అన్నడు. ఆయన నోటి నుంచి వచ్చిన మెప్పు అంతే.

ఆఫీసు మనిషి మాత్రం తల గోక్కుంట నిలబడ్డడు. "ఆడోళ్లకు అక్కడ బాత్రూం లేదు" అన్నడు.

"బాత్రూం లేకుంటె మేస్త్రీని పిలువుండ్రి" అన్నడు ఫోర్‌మన్. "దానికి వెల్డర్‌ను ఆపుడెందుకు?"

రేణుక అట్ల చేరింది. అప్రెంటిస్ అయినంక కాంట్రాక్టు కింద చేసింది. ఫ్యాక్టరీ బంద్ పెట్టి రిపేర్లు చేసే రోజులల్ల పొద్దంత బట్టీ పక్కన నిలబడి చేసింది. ఒకేడు విసిగి ఇడిసిపెడుతనన్నది, మళ్ల పోయింది. తర్వాత పైపు వెల్డింగ్ పరీక్షలు ఒక్కొక్కటే పాసైకుంట పోయింది. ఇప్పుడు సముద్రం ఒడ్డున ఒక నూనె శుద్ధి ఫ్యాక్టరీల ఉంది. ఆమె జీతమెంతో చెప్పను గాని, ఏ కాలేజీ బస్సును ఆమె ఎనుకకు పంపిందో ఆ కాలేజీల పాఠాలు చెప్పే సారు ఆమె జీతం విని రెండుపార్లు అడిగిండు. జంగయ్య ఊర్ల మాత్రం "మా బిడ్డ ఇంజినీరు" అనే చెప్తడు. నేను సరిదిద్దుత లేను. నేను గూడ ఒకప్పుడు సాఫ్ట్‌వేర్ అని చెప్పినోన్నే.

ఆమెతోని పాసైన ఇద్దరిల ఒకడు గల్ఫ్‌కు పోయి మంచిగున్నడు. ఇంకొకడు ఆ వేడికి తట్టుకోలేక ఆటో కొనుక్కున్నడు. అది గూడ మంచి పనే. చేతిపని అంటె అందరికీ బంగారమని చెప్పేటోడు, డిగ్రీ అంటె అందరికీ బంగారమని చెప్పేటోడు, ఇద్దరూ అడ్మిషన్లు చేసుకునేటోళ్లే. నేను గూడ అండ్ల ఒకన్ని. పిల్ల చెయ్యి చూడుండ్రి, పిల్లను అడుగుండ్రి. దీనికి శాలువా ఎవలూ కప్పరు.

మా ఇంట్ల

రేణుక పాసైన నాడు స్వీటు డబ్బ పట్టుకొని ఇంటికి పోయిన. ఫోర్‌మన్ మాట, స్టూలు, బాత్రూం, అన్ని చెప్పిన. మా ఇంటామె నవ్వింది. కిరణ్ నవ్వలేదు. లడ్డు చేతుల పట్టుకొని కూసున్నడు.

"బాపూ, మీ కాడ ఏసీ, ఫ్రిజ్ రిపేరు ట్రేడు ఉంది గద. నేను చేరుత."

ఎన్నేండ్ల సంది నేను ఎందరు తండ్రులకు పాఠం చెప్పిన్నో లెక్క లేదు. ఆ క్షణంల నా నోట్లె నుంచి వచ్చిన మాట రాస్తున్న, ఉన్నదున్నట్టు: "ఇంజినీరింగ్ చదివి ఐటీఐలనా? నలుగురు ఏమంటరు రా?"

మా ఇంటామె నా దిక్కు చూసింది. "ఎవలన్న మంచి సారు ఉంటె చూడు, గీయనకు జర నచ్చజెప్తడు" అన్నది కొడుకుతోని.

కిరణ్ మెల్లగ అన్నడు: "నలుగురు ఇప్పుడేమంటున్నరో నువ్వు వినలేదు బాపూ. నేను రోజు వింటున్న."

అడ్మిషన్లు మొదలైనంక ప్రిన్సిపాల్ రూముకు పోయి, మా వాడు చేరుతడని చెప్పిన. ఆయన కలం కింద పెట్టిండు. గొంతు తగ్గించి, చావు ఇంటికి వచ్చినోని లెక్క అడిగిండు: "అయ్యో. ఏమైంది సత్తయ్య గారూ?"

"ఏం కాలేదు సార్" అన్న. "సీటు ఉందా, లేదా?"

ఉంది. కిరణ్ ఇప్పుడు నల్లగొండల పెద్ద పెద్ద దవాఖానల ఏసీలు, మందులు నిల్వ చేసే చల్లటి గదులు చూసుకుంటడు. ఇద్దరికి పని ఇచ్చిండు. ఎండకాలంల వానితోని మాట్లాడాలంటె ఫోన్ చేసి ఎదురుచూడాలె. కాని నాకు ఎక్కువ యాదికొచ్చేది వాడు చేరిన మొదటి పొద్దు. ఇద్దరం ఒక్క బండి మీదనే పోయినం. పక్కన పోయే పదో తరగతి అయిన పిల్లలు వాన్ని కొత్త సారనుకొని నమస్తే పెడుతున్నరు. గేటు కాడ దిగి, అంగీ సదురుకొని, వాడు పిల్లల వరుసల పోయి ఆఖరుకు నిలబడ్డడు. నేను వాని ముందట నుంచి నడుచుకుంట పోతుంటె, అందరితోని కలిసి చేతులెత్తి "నమస్తే సార్" అన్నడు.

"నమస్తే" అన్న. లోపలికి పోయినంక మళ్ల ఒకపారి, ఎవలూ లేని షెడ్డుల, "నమస్తే" అనుకున్న.